పడవలోని బ్యాటరీ: దాని ఆదాయవ్యయములు



వేటకు సముద్రముమీదికి పోవు పడవలో త్రాగునీటి పీపా యొకటి ఉండును. ఆ నీటితో చేతులు కడుగుకొనువాడు లేడు. వలలు జాడించువాడు లేడు. పడవలో ఎందఱున్నారు, ఎప్పటికి దరి చేరుదురు, గాలి తిరుగబడినచో అదనముగా ఎంత కావలెను అని సరంగు లెక్కించుకొనియే పీపా నింపించును. నేడు అదే పడవలో మఱియొక పీపా కూడ ప్రయాణము చేయుచున్నది. అందులోని సొత్తు కంటికి కనబడదు. తఱిగిపోవునపుడు చప్పుడు కాదు. అడుగంటినపుడు మాత్రమే తెలియును. అదియే బ్యాటరీ. త్రాగునీటికి చూపు జాగ్రత్తలో సగమైనను దీనికి చూపవలెనని మనవిచేయుటయే నేటి నా ప్రసంగమునకు ప్రయోజనము.

మన తాతల కాలమున పడవకు విద్యుత్తుతో పని లేకుండెను. పగలు కొండల కొనలును తాటితోపులును, రాత్రి చుక్కలును దీపస్తంభములును దారి చూపెడివి. నీటి లోతును సీసపుగుండు కట్టిన త్రాడు చెప్పెడిది. తరువాత ఒక్కొక్క పరికరము పడవ నెక్కినది. మొదట దీపము, పిదప ఉన్నచోటు చూపు జీ.పీ.ఎస్.; ఆ వెనుక నీటి లోతును చేపల గుంపును చూపు ఎకోసౌండరు; ఒడ్డుతోను తోడి పడవలతోను మాటలాడుటకు వీ.హెచ్.ఎఫ్. రేడియో, ప్రతివాని జేబులో సెల్‌ఫోను. ఇప్పుడు ఉపగ్రహముద్వారా వార్తలు పంపు ట్రాన్స్‌పాండరులు కూడ వచ్చుచున్నవి. వీనిని లక్ష పడవలకు ఉచితముగా అమర్చు పథకమును కేంద్రప్రభుత్వము 2024 ఆగస్టులో ఆరంభించెను. వీనిలో అక్కఱలేనిది ఏదియు లేదు. ఒక్కొక్కటి త్రాగు విద్యుత్తు స్వల్పమే. కాని పరికరములు ఆఱు చేరినను, బ్యాటరీ మాత్రము మొదటి దీపమునాడు కొన్నదే యగుట కలదు. ఇంట చుట్టములు పెరిగిరి, వంటకుండ పెరుగలేదు.

ఈ కొఱత ప్రాణముమీదికి తెచ్చునది. బంగాళాఖాతపు తుపానుల సంగతి తీరవాసులకు వేఱుగ చెప్పబనిలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఎఱిగినవారు మనలో నున్నారు. ఈ రెంటి నడుమ శాస్త్రము చాల దూరము నడచినది. నేడు వాతావరణశాఖ తుపాను గమనమును దినములకొలది ముందుగా ప్రకటించుచున్నది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము అలల ఉద్ధృతిని, చేపలు దొరకగల తావులను తెలుపుచున్నది. పడవనుండి మొఱ పంపుటకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన పరికరము 2010 నుండి వాడుకలోనికి వచ్చినది. 2024లో వెలువడిన దాని రెండవ తరము, ఆ మొఱ అందినదని పడవలోనివారికి తిరిగి తెలుపగలదు. ఇంతమంది శ్రమించి పంపిన వార్త కడపట చేరవలసినది నడిసముద్రమున నున్న ఒక చిన్న పెట్టెకు. ఆ పెట్టెకు ఊపిరి పోయునది బ్యాటరీ.

ఇక్కడ ఒక మోసము కలదు. దానిని ముఖ్యముగా గమనింపవలెను. రేడియో వినుచున్నంతసేపు అది తీసికొనునది అర ఆంపియరుకంటె తక్కువ. మాటలాడుటకు మీట నొక్కినతోడనే, 25 వాట్ల సెట్టు సుమారు 5 ఆంపియర్లు లాగును. అనగా పది పన్నెండు రెట్లు. బ్యాటరీ చాలవఱకు ఖర్చైన పిమ్మటకూడ సెట్టులోని దీపము వెలుగుచునే యుండును. ఇతరుల మాటలు వినబడుచునే యుండును. రేడియో బాగుగనే యున్నదని సరంగు తలంచును. ఆపద వచ్చి మీట నొక్కునప్పటికి వోల్టేజి, అనగా విద్యుత్తుయొక్క ఒత్తిడి, చటుక్కున పడిపోయి సెట్టు ఆఱిపోవును. మీట విడిచినచో మరల వెలుగును. అది వినగలదు, చెప్పలేదు. చెవులుండి నోరు పోయిన మనిషివంటిది. కావున దీపము వెలుగుటనుబట్టి బ్యాటరీని నమ్మరాదు. రేవు విడుచుటకు ముందు తోడి పడవతో నొకమాట మాటలాడి చూడవలెను. 16వ చానలు ఆపద పిలుపులకును తొలి పిలుపులకును విడువబడినది. పరీక్షకు దానిని వాడక వేఱొక చానలును వాడుట మర్యాద.

ఇక బ్యాటరీ స్వభావ మెట్టిదో కొంచెము తెలిసికొందము. సీసపు బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. నేడు మన పడవలలో నున్నది దాని సంతతియే. 12 వోల్టుల పెట్టెలో ఆఱు అఱలుండును. ఒక్కొక్క అఱ 2 వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. నీరు కలిపిన గంధకికామ్లములో సీసపు పలకలు మునిగియుండును. విద్యుత్తు వెలుపలికి పోవుకొలది పలకలమీద సల్ఫేటు అను పొర ఏర్పడును. చార్జి చేసినపుడు అది కరగిపోయి పలకలు పూర్వస్థితికి వచ్చును. ఆ పొర అట్లే చాలకాలము నిలిచినచో గట్టిపడి, పిమ్మట చార్జికి లొంగదు. బ్యాటరీలు అకాలమున చచ్చుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. కావున బ్యాటరీని పూర్తిగా ఖాళీచేయుట ఒక తప్పు. ఖాళీచేసిన దానిని అట్లే యుంచుట అంతకంటె పెద్ద తప్పు.

పెట్టెమీద 100 ఆంపియరు గంటలని వ్రాసియుండునపుడు, దాని భావము సాధారణముగా 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇయ్యగలదని. గంటకు 20 ఆంపియర్ల చొప్పున లాగినచో ఐదు గంటలు నిలువదు. తొందరపడి పితికిన ఆవు పాలన్నియు ఇయ్యనట్లే, తొందరపడి లాగిన బ్యాటరీ తనలోని దంతయు ఇయ్యదు. అదియునుగాక కొత్తదానికి చెల్లు లెక్క పాతదానికి చెల్లదు.

ఇప్పుడు పడవ ఖర్చు వ్రాయుదము. పరికరముమీద ఆంపియర్లు వ్రాయక వాట్లు మాత్రమే వ్రాసియున్నచో, వాట్లను 12చేత భాగించిన ఆంపియర్లు వచ్చును. ఆంపియర్లను గంటలచేత హెచ్చవేసిన ఆంపియరు గంటలు వచ్చును. లెక్క అంతియే. సాయంకాలము పోయి తెల్లవాఱి వచ్చు ఒక ఫైబరు పడవను తీసికొందము. వేట 12 గంటలు. జీ.పీ.ఎస్. అర ఆంపియరు చొప్పున 12 గంటలకు 6. ఎకోసౌండరు ఒక ఆంపియరు చొప్పున 4 గంటలకు 4. రేడియో వినుటకు రాత్రి యంతయు 5; మొత్తముమీద పన్నెండు నిమిషములు మాటలాడుటకు 1; వెరసి 6. పడవ ఉనికిని ఇతరులకు చూపు దీపములు అర ఆంపియరు చొప్పున 6. వల లాగునపుడు వెలిగించు 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు, ఆఱు గంటలకు 10. మూడు సెల్‌ఫోనులు నింపుటకు 5. అన్నియు కూడిన 37 ఆంపియరు గంటలు.

ఈ 37ను ఎంత బ్యాటరీ భరింపగలదు? సీసపు బ్యాటరీలో సగము మాత్రమే మనదని తలంచుట క్షేమము. సగమునకు దిగువకు తఱచుగా పోయినకొలది దాని ఆయుస్సు తఱుగును. అనగా 37 ఖర్చునకు కనీసము 74 ఉండవలెను. పాతబడుటకు, ఆలస్యమగుటకు కొంత విడిచిన 100 గలది తగినది. ఈ పనికి 60 గల కారు బ్యాటరీని పెట్టినచో ప్రతిరాత్రియు సగము దాటి దిగువకు పోవును. కారు బ్యాటరీ ఇంజనును కదలించుటకు కొలది క్షణములు పెద్దబలమిచ్చుటకై పలుచని పలకలతో చేయబడినది. రాత్రియంతయు మెల్లగా ఇచ్చుట దాని వృత్తి కాదు. ఇన్‌వర్టరులకును సౌరఫలకములకును అమ్ము దళసరి పలకల బ్యాటరీ ఈ పనికి పుట్టినది. పరుగుపందెపు గుఱ్ఱము వేఱు, బండిలాగు ఎద్దు వేఱు.

ఈ లెక్కలో ఒక కొత్త వస్తువు చేరినపుడు ఏమగునో చూడుడు. పాటల పెట్టె యొకటి కొనిరి. 2 ఆంపియర్ల చొప్పున 8 గంటలకు 16. మొత్తము 37 పోయి 53 అయినది. నూఱు గల బ్యాటరీకూడ సగము దాటినది. పాటలు వినరాదని నేననుట లేదు. రాత్రివేళ నిదుర రాకుండుటకు పాట మంచి తోడు. పాట చేరినపుడు దాని వాటా ఎక్కడినుండి వచ్చునో ముందుగా చూచుకొనుడని మాత్రమే నా మనవి. పై రెండు ఎల్.ఇ.డి. దీపములకు మాఱుగా 60 వాట్ల పాత తీగదీపము నొకదానిని వాడుచున్న పడవలో, ఆ దీపమొక్కటే 30 మ్రింగుచున్నది. దానిని మార్చినచో 20 మిగులును. పాటకు చోటు దానంతట వచ్చును.

ఖర్చు తగ్గించు మార్గములు మఱి కొన్ని కలవు. దగ్గఱి పడవతో మాటలాడునపుడు రేడియోను ఒక వాటునకు తగ్గింపవచ్చును. 25 వాట్ల బలము దూరపు పిలుపునకు, ఆపదకు ఉంచుకొనవలెను. తెరల వెలుగును రాత్రివేళ తగ్గించినచో కంటికిని మేలు, బ్యాటరీకిని మేలు. సెల్‌ఫోనులను ఇంటివద్దనే నింపుకొని రావలెను. తీరమునకు దూరమైనపుడు ఫోను టవరును వెదకుచు తన్ను తానే త్రాగివేయును. అప్పుడు దానిని విమానపు గుర్తుగల మీటతో మూగనుచేసి యుంచుట మంచిది. 12 వోల్టులను ఇన్‌వర్టరుతో 230 చేసి, మరల ఫోను చార్జరుతో 5 వోల్టులు చేయుట వ్యర్థము. రెండు చోట్ల సుంకము కట్టినట్లగును. 12 వోల్టులనుండి నేరుగా ఫోనునకిచ్చు చిన్న సాకెట్టు అంగడిలో దొరకును.

ఆదాయపు సంగతి వినుడు. త్రాడులాగి నడుపు చిన్న ఇంజనులలో పెక్కింటికి చార్జిచేయు ఏర్పాటే లేదు. ఉన్నవానిలోను పూర్తివేగమున 6 మొదలు 10 ఆంపియర్ల వఱకే వచ్చును; మెల్లగా పోవునపుడు అందులో కొంతయే. కావున ఒడ్డున చార్జిచేయుట తప్పదు. సీసపు బ్యాటరీలో నాలుగైదవ వంతులు త్వరగా నిండును. చివరి ఐదవ వంతు గంటలకొలది పట్టును. రెండు గంటలు పెట్టి తెచ్చినది నిండినట్లు కనబడును గాని నిండలేదు. ప్రతిదినము అట్లు అరకడుపుతో పంపిన బ్యాటరీ కొలది నెలలలోనే చిక్కిపోవును. రాత్రి వేట ముగించి వచ్చినవారు పగలంతయు చార్జిలో నుంచుట యుక్తము. 50 వాట్ల సౌరఫలకము మంచి యెండలో దినమునకు సుమారు 12 ఆంపియరు గంటలు సంపాదించును. అది ఖర్చులో మూడవవంతు. కాని ముసురుపట్టిన దినములలో ఆ రాబడి మిక్కిలి తగ్గును. నిజముగా ఆపద వచ్చునవి ఆ దినములే గనుక, సౌరఫలకమును సహాయముగా తలంపవలెను గాని ఆధారముగా తలంపరాదు.

సంసారి ఎంత పేదవాడైనను ముడుపు కట్టిన డబ్బును సంతలో ఖర్చుపెట్టడు. అట్లే రేడియోకు ఒక చిన్న బ్యాటరీని వేఱుగా నుంచుట అన్నిటికంటె మంచి పద్ధతి. దీపములు, పాటలు, ఫోనులు పెద్దదానినుండి నడువవలెను. అది అడుగంటినను చిన్నదానిని తాకరాదు. రెంటిని వేఱుచేయు మీట చవుకగనే దొరకును. మీటతో ఇంజనును నడుపు పడవలో ఇంజనుకు గూడ ఇట్లే వేఱు బ్యాటరీ యుండవలెను. రెండవ బ్యాటరీకి శక్తిలేనివారు, తన బ్యాటరీతో తానే నడచు చేతి రేడియోను నిండా చార్జిచేసి, నీరు చొరని సంచిలో కట్టి యుంచుకొనవలెను.

తీగల విషయము చాలమంది మఱతురు. బ్యాటరీనుండి రేడియో ఆఱు మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. పోవుటకు ఆఱు, వచ్చుటకు ఆఱు. పన్నెండు మీటర్ల తీగ. చదరపు మిల్లీమీటరున్నర మందముగల రాగితీగయైనచో, 5 ఆంపియర్లు పాఱునపుడు దారిలోనే 0.7 వోల్టు పోవును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగయైన 0.3కు లోపుగనే పోవును. ఇందాక చెప్పిన నోరుపోయిన రేడియోకు సన్నని తీగయు కారణము కావచ్చును. బ్యాటరీకి చేరువనే తగిన ఫ్యూజు ఉండవలెను. లేనియెడల ఉప్పునీట తీగలు కలిసినపుడు నిప్పు పుట్టును. బ్యాటరీని పెట్టెలో నుంచి, పట్టెడతో బిగించి, అడుగున నిలుచు నీటికి అందకుండ పెట్టవలెను. సీసపు బ్యాటరీలోనికి సముద్రపునీరు పోయినచో విషవాయువగు క్లోరిను పుట్టును. చార్జి అగునపుడు ఉదజని వాయువు వెడలును. అది మండునది గనుక ఆ తావున బీడీ వెలిగింపరాదు, గాలి ఆడునట్లు చూడవలెను. కొనలయందు పేరుకొను తెల్లని, పచ్చని చిలుమును వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, వాసెలీను రాయవలెను. మూతలుగల బ్యాటరీకి, అంగళ్లలో బ్యాటరీ నీళ్లని అమ్ము స్వేదనజలమునే పోయవలెను, బావినీరు పోయరాదు.

బ్యాటరీలో ఎంత మిగిలినదో చూచుటకు చిన్న వోల్టుమీటరు చాలును. అన్నిటిని ఆపి, కొంతసేపు విశ్రాంతి ఇచ్చి చూడవలెను. 12.7 ఉన్నచో నిండియున్నది, 12.4 ఐన ముప్పాతిక, 12.2 ఐన సగము, 12.0 ఐన పాతిక మాత్రమే, 11.8 ఐన ఖాళీ. గమనించితిరా? నిండుదానికిని ఖాళీదానికిని నడుమ భేదము ఒక వోల్టైనను లేదు. కావున "12 ఉన్నది గదా" అని తృప్తిపడువాడు పాతిక సొత్తుతో సముద్రముమీదికి పోవుచున్నాడు.

ఇటీవల లిథియము బ్యాటరీలు వచ్చినవి. లిథియము అయాను బ్యాటరీలను అభివృద్ధిచేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమాన మీయబడెను. పడవలకు తగినది ఆ జాతిలో ఇనుము, భాస్వరము చేరిన రకము. 100 ఆంపియరు గంటల సీసపు బ్యాటరీ ముప్పది కిలోలకు దగ్గఱగా తూగగా, ఇది అందులో సగమైనను తూగదు, నూటికి ఎనుబది పాళ్లు వాడుకొనవచ్చును, ఆయుస్సును ఎక్కువ. వెలయు ఎక్కువ. దీనికి తగిన చార్జరునే వాడవలెను. దీని గుణమొకటి తెలిసి యుండవలెను: చివరివఱకు వోల్టేజి ఇంచుమించు సమానముగా నిలిచి, అయిపోయినపుడు లోపలి రక్షణయంత్రము ఒక్కమాఱుగా అంతయు ఆపివేయును. సీసపుది నీరసించుచు చెప్పిపోవును. ఇది చెప్పక పోవును. దీనిని కొన్నవారు వోల్టుమీటరును నమ్మక, ఖర్చైన ఆంపియరు గంటలను లెక్కించు మీటరును పెట్టుకొనవలెను.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలకును ఇంజను పడవలకును వేట నిషేధము. వలలు బాగుచేసికొను ఆ కాలమున బ్యాటరీని మఱచుట కద్దు. వేసవి యుక్కలో వాడని బ్యాటరీకూడ తనంతట తాను తఱిగిపోవుచుండును. పడవను ఒడ్డునకు లాగిననాడే దానిని నిండా చార్జిచేసి, తీగలు ఊడదీసి, నీడపట్టున నుంచి, నెలకొకమాఱు మరల నింపినచో జూన్ 15న అది మీకు ద్రోహము చేయదు.

చివరగా నొకమాట. ఆలస్యమై, బ్యాటరీ సగమునకు వచ్చినపుడు ఏది ముందు ఆపవలెనో చీకటిలో తర్కించుకొనుట తగదు. ఒడ్డుననే నిర్ణయించి, ఒక అట్టమీద వ్రాసి, అందఱకు తెలియునట్లు కట్టవలెను. మొదట పాటలును ఫోనులును. పిదప వలదీపములలో ఒకటి, తరువాత రెండవది. అటుపైన ఎకోసౌండరు. ఆ పిమ్మట జీ.పీ.ఎస్.ను ఆపి, గంటకొకమాఱు మాత్రము వెలిగించి, ఉన్నచోటు అంకెలను కాగితముమీద వ్రాసికొనవలెను. ఓడలవారికి మనలను చూపు దీపమును, రేడియోను మాత్రము ఆపరాదు. ఆ రెంటికి చాలినంత మిగిల్చి దరికి వచ్చిన సరంగే బ్యాటరీని ఎఱిగినవాడు.